ల్యాబు గుమ్మం బయట మిగిలిన జత

మొన్న మంగళవారం పొద్దున్న పలాసలో కాలేజీకి బయల్దేరి బస్సు కోసం నిలబడ్డప్పుడు నీలవేణి ఫోన్ చేసింది. "సార్ ఎల్లిపోయారే" అంది. ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ సార్ అంటే ఒక్కరే. టెక్కలిలో మాకు డిగ్రీ మొదటి ఏడాది కంప్యూటర్ పాఠం చెప్పిన మనిషి. కిడ్నీల జబ్బు. ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఆ జబ్బు గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ప్రతి ఇంట్లోనూ ఒకరు విశాఖపట్నం వెళ్లి రక్తం శుభ్రం చేయించుకుని వస్తూ ఉంటారు, ఒక రోజు రావడం మానేస్తారు. సార్ కూడా అలాగే మానేశారు.

ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన మొహం కాదు, ఒక జత తోలు చెప్పులు. ఎడమ చెప్పుకి బొటనవేలి పట్టీ తెగిపోతే ఎర్రదారంతో కుట్టించి ఉంటుంది. అవి మా అన్నయ్యవి. ఆ చెప్పులు కాలేజీ కంప్యూటర్ ల్యాబు గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్లిన రోజున మా అన్నయ్య సార్ కుడిచెయ్యి విరగ్గొట్టాడు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలా మొదలెట్టకూడదని నాకూ తెలుసు. ముందు వాళ్ల మంచితనం చెప్పాలి. కానీ ఆ చెయ్యి సంగతి చెప్పకుండా సార్ మంచితనం చెప్పడం నాకు చేతకాదు.

అప్పట్లో మా కాలేజీలో కంప్యూటర్ గది అంటే గర్భగుడి కింద లెక్క. వరండా చివర ఉండేది. ఆకుపచ్చ తివాచీ, కిటికీలకి దళసరి తెరలు, మాలో చాలామందికి పుట్టి బుద్ధెరిగాక తగిలిన మొదటి ఏసీ గాలి. బీకాం వాళ్లకీ, బీఎస్సీ వాళ్లకీ, చివరికి చరిత్ర చదివేవాళ్లకీ కూడా మొదటి ఏడాది కంప్యూటర్ పాఠం తప్పనిసరి అన్నారు. మిషన్లు కొన్నే, మేం బోలెడుమందిమి. గుమ్మం పక్కన చెప్పులకి ఒక చెక్క అర, దాని ముందు కాళ్లు తుడుచుకోడానికి గోనెపట్టా. ఎంతటివాళ్లైనా చెప్పులు విప్పాల్సిందే. ప్రిన్సిపాల్‌గారు ఒకసారి బూట్లతో వస్తే సార్ ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేశారు. "మన ఉద్దానం ఇసక లోపలికెల్తే బయటికి రాదండీ" అన్నారు. మామూలుగా పుస్తకం తెలుగు మాట్లాడేవారు గానీ, కోపం వచ్చినా ప్రేమ వచ్చినా ఆయన నోట మా ఊరి తెలుగే వచ్చేది.

సార్ శాంతమూర్తి అనుకోకండి. వెనకబెంచీలో కబుర్లాడితే మార్కర్ పెన్ను విసిరేవారు, అది గురితప్పి ఎరగదు. మౌస్‌ని కొత్తవాళ్లందరూ గుప్పిట్లో బిగించి పట్టుకుంటారు కదా, మేమూ అంతే. స్కేలుతో వేళ్ల మీద ఒక్కటి పడేది. "సేపపిల్లేటే అది, జారిపోడానికి? ఒగ్గు. ఒగ్గితేనే నడుస్తాది." పట్టు వదలమని ఇప్పుడు నా క్లాసులో పిల్లలకి నేనూ అదే చెబుతాను, స్కేలు లేకుండా. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు కాబట్టి, ప్రతి రెండు ముక్కలకీ సేవ్ చేసి దాచుకోమని వెంటపడేవారు. "కరెంటు నీకు సెప్పి పోదు. దాసుకున్నదే నీది" అనేవారు. ఆ మాట నేను చాలా చోట్ల వాడుకున్నాను.

ఆయన బాప్టిస్టు సంఘం మనిషి. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే తప్పుగా పాడతారని వాళ్లావిడే నవ్వేది. అయినా దసరాకి మేం మిషన్లకి బొట్లు పెట్టుకుంటామంటే ఒప్పుకున్నారు. పసుపు తడిగా ఉండకూడదు, కుంకం కీబోర్డులో పడకూడదు, కొబ్బరికాయ వరండాలోనే కొట్టాలి. అవీ షరతులు. ఆ పూజకి ఊళ్లనుంచి మా వాళ్లంతా వచ్చారు. మా అన్నయ్యా వచ్చాడు. చెప్పులతో అడుగు లోపల పెట్టబోతే సార్ చెయ్యి అడ్డం పెట్టి "సెప్పులు, బాబూ" అన్నారు. మా అన్నయ్య ఒకరి మాట వినే రకం కాదు. తగువంటే ముందుంటాడు, చెయ్యి ముందు లేస్తుంది, మాట తరవాత వస్తుంది. అలాంటివాడు ఆ చల్లగాలి మొహానికి తగిలేసరికి కిమ్మనకుండా చెప్పులు విప్పి, గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని, లోపల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇది గుడేటే?" అని నా చెవిలో అడిగాడు. నాకు నవ్వొచ్చింది. వాడితో పాటు వచ్చిన మా ఊరి కుర్రాళ్లూ అలాగే నిలబడ్డారు.

ఇక తగువు గురించి చెప్పాలి. మా ఊరూ నీలవేణి ఊరూ పక్కపక్కనే. మధ్యలో ఒక జీడితోట. అది ఎవరిదన్నది మా తాతల నాటినుంచీ తేలలేదు. జీడిపళ్లు దిగే కాలం వచ్చిందంటే రెండూళ్లలోనూ కత్తులు నూరే చప్పుడు వినిపించేది. ఒక ఏడాది వాళ్లు మా చెట్లని మొదలంటా నరికారు. మావాళ్లు వాళ్ల ఎడ్ల కాళ్లు విరిచారు, ఆ ఎడ్లు తెల్లారేవరకూ అరుస్తూనే ఉన్నాయి. గింజలు ఏరుకోడానికి వెళ్లిన మా పెదనాన్న చెవి తెగ్గోశారు. మావాళ్లు వాళ్ల పెళ్లివారి ట్రాక్టరు మీద రాళ్లు వేస్తే పెళ్లికూతురి నుదురు పగిలింది. నేను ఇదంతా వింటూ పెరగలేదు, చూస్తూ పెరిగాను. మా ఇంట్లో అన్నం వడ్డిస్తూ మాట్లాడుకునే కబుర్లే ఇవి.

అలాంటిది, సార్ నన్నూ నీలవేణినీ ఒకే మిషన్ ముందు కూర్చోబెట్టారు. మిషన్‌కి ఇద్దరు. హాజరు వరస ప్రకారం వేశారనుకున్నాం గానీ, మా ఊళ్లు తెలిసే కలిపారని తరవాత ఆయనే ఒప్పుకున్నారు. మొదటివారం నీలవేణి బల్ల కింద నా తొడలో పిన్నీసు గుచ్చింది. నేను కీబోర్డు సొరుగులో దాని వేళ్లు పెట్టి మూసేశాను. లంగా మీద నా రక్తం, దాని గోళ్ల కింద నలుపు చూసి సార్ ఇద్దర్నీ నిలబెట్టారు. కొట్టలేదు. "ఇయాల్నుంచి ఒకత్తి సెయ్యి కీబోర్డు మీద, ఇంకొకత్తి సెయ్యి మౌసు మీద. ఒకత్తి దాన్ని ఇంకొకత్తి ముట్టుకుందా, ఇద్దరికీ సున్నా" అన్నారు.

చేసి చూడండి, అది ఎంత నరకమో తెలుస్తుంది. నేను ఒక మాట టైపు చేస్తాను. ఆ అక్షరాలు లావు చెయ్యాలంటే నీలవేణి వాటిని మౌస్‌తో పట్టుకోవాలి. అది పట్టుకోవాలంటే నేను దానితో మాట్లాడాలి. "ఆ మాట పట్టుకో." "ఏ మాట?" "పైది." "సరిగ్గా సెప్పి సావొచ్చు కదా." అలా మొదలైంది. ఏడాది చివరికి నేను నోరు తెరవకముందే దాని చెయ్యి కదిలేది. స్నేహం అని మేం ఎప్పుడూ అనుకోలేదు. ఊరికి వెళ్లే బస్సులో ఎవరి సీట్లో వాళ్లం, మొహాలు తిప్పుకునే కూర్చునేవాళ్లం.

ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు జీడితోటలో మా నాన్నని నరికారు. నీలవేణి చిన్నాన్న చేసిన పని. కొబ్బరిగెలలు కోసే కత్తి భుజం మీద పడి ఎముకదాకా దిగింది. మంచం మీద వేసుకుని టెక్కలి ఆస్పత్రికి మోసుకొస్తుంటే, నులకలోంచి రక్తం దారిపొడుగునా కారింది. నేను ఆ మంచం కోడు పట్టుకునే నడిచాను. డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు గానీ, ఆ చెయ్యి మళ్లీ పైకి లేవదన్నాడు. అన్నయ్య ఆస్పత్రి గోడకి తల కొట్టుకున్నాడు, నుదురు చిట్లింది. తరవాత ఎటో వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడో మాకందరికీ తెలుసు, ఎవరం ఆపలేదు.

మర్నాడు నాన్నే నన్ను పరీక్షకి వెళ్లమన్నాడు. "నువ్వూ ఇక్కడ కూకుని ఏటి సేత్తావు? ఎల్లు." కాలేజీ ఆస్పత్రికి దగ్గరే. వెళ్లేసరికి నీలవేణి మా మిషన్ ముందు కూర్చుని ఉంది. తెరవైపే చూస్తూ "మీ నాన్న?" అంది. "ఉన్నాడు" అన్నాను. అది మౌస్ మీద చెయ్యి పెట్టింది. నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. నాకు దాని చెయ్యి పట్టుకోవాలనిపించింది, దాని గొంతు నొక్కాలనీ అనిపించింది. రెండూ నిజమే.

నీలవేణి అన్న జోగారావు బీకాం ఆఖరి ఏడాది, ఆ రోజే అతనికీ ప్రాక్టికల్. వాళ్ల ఊళ్లో మగవాళ్లందరూ భయపడి ఎక్కడెక్కడో దాక్కున్నారు. అతను ఒక్కడే పరీక్ష పోతుందని వచ్చి, చివరి మిషన్ దగ్గర కూర్చున్నాడు. మా నాన్నని కొట్టినవాడు అతను కాదు. కానీ మా ఊరి వాళ్లకి ఆ రోజు చేతికి అందేవాడు అతనే.

మధ్యాహ్నం కావస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ కేక వినిపించింది. సార్ కిటికీ తెర తొలగించి చూసి, వెనక్కి తిరిగి, మామూలు గొంతుతోనే "జోగారావు, బాటరీల గదిలోకి పో" అన్నారు. ల్యాబులోనే ఒక మూల ఇనప ఊచల తలుపుతో చిన్న గది ఉండేది, కరెంటు పోతే మిషన్లని నిలబెట్టే బాటరీలన్నీ అందులోనే. అతన్ని అందులో పెట్టి తాళం వేసి, గుమ్మం దగ్గరికి నడిచారు. అప్పటికే వాళ్లు వరండా ఎక్కేశారు. మొహాలకి తువ్వాళ్లు, చేతుల్లో కత్తులు, ఒకడి చేతిలో ఇనప ఊచ. ఆ ఊచ పట్టుకున్నవాడి కాళ్లకి ఎర్రదారం కుట్టిన చెప్పులు.

సార్ గుమ్మానికి అడ్డంగా నిలబడి చెయ్యి చాపారు. "సెప్పులు, బాబూ."

నేను చూసిందే రాస్తున్నాను, నమ్మితే నమ్మండి. వాళ్లు ఆగారు. ముందున్నవాడు చెప్పులు విప్పాడు. వాడి వెనకవాడు విప్పాడు. ఒకడికి బకిలు ఊడి రాకపోతే, కత్తి చంకలో పెట్టుకుని వంగి రెండు చేతులతో విప్పుకున్నాడు. మా అన్నయ్య కూడా విప్పాడు. దసరా నాడు ఆ గుమ్మం ముందు నేర్చుకున్న అలవాటు, బుర్ర కంటే ముందు కాళ్లకి గుర్తొచ్చినట్టుంది. మనిషిని నరకడానికి వచ్చినవాళ్లు, మిషన్లలో ఇసుక పడుతుందని చెప్పులు విప్పారు. ఆ కాసేపట్లోనే మా క్లాసు పిల్లలు సగంమంది పక్క కిటికీలోంచి దూకేశారు. అన్నయ్యకి అప్పుడు తెలివొచ్చి పెద్ద బూతు తిట్టి, సార్ గుండెల మీద చెయ్యి వేసి తోశాడు.

లోపలికొచ్చి ఒక్కొక్క మొహం చూశారు. అడ్డొచ్చిన కంప్యూటర్ తెరలన్నీ పగలగొట్టుకుంటూ పోయారు. గాజు పగిలే చప్పుడు, కాలిన వైర్ల వాసన, ఉత్తకాళ్ల కింద గాజుపెంకులు. వాళ్ల అరికాళ్ల రక్తంతో ఆకుపచ్చ తివాచీ మీద అడుగులు పడ్డాయి. ఊచల వెనక జోగారావు కనిపించాడు. బాటరీల మధ్య నక్కి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. కత్తి ఊచల్లోంచి దూర్చారు, అందలేదు.

"తాళంసెవి ఏది?" అన్నాడు అన్నయ్య.

సార్ కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. "ఇయ్యను" అన్నారు.

ఆ చేతిని లాగి కంప్యూటర్ బల్ల మీద పెట్టి, ఒకడు మోచెయ్యి నొక్కిపట్టాడు. అన్నయ్య ఊచతో కొట్టాడు. మొదటి దెబ్బకి సార్ అరిచారు. తరవాత దెబ్బలకి అరవలేదు. ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడైంది. నేను అన్నయ్య కాళ్లు పట్టుకున్నాను, మోకాలితో నా మొహం మీద తన్నాడు, ముందుపన్ను ఊడింది. నీలవేణి మా మిషన్ కీబోర్డుని వైరుతో సహా పీకి, దాంతో అన్నయ్య తల మీద బలంగా మోదింది. మీటలు మరమరాల్లా గదంతా చెదిరాయి. తువ్వాలు జారిపోయింది. మా అన్నయ్య మొహం అందరం చూశాం. నీలవేణీ చూసింది, సార్ కూడా చూశారు.

పిడికిలి తెరుచుకోలేదు. ఇంతలో ముందువైపు పోలీసు జీపు వచ్చింది, ఊరి జనం గేటు దగ్గర పోగయ్యారు. అన్నయ్యవాళ్లు వెనక కిటికీ పగలగొట్టుకుని దూకి, తోటల్లో పడి పారిపోయారు. ఉత్తకాళ్లతో. చెప్పులు మాత్రం గుమ్మం బయట, మా చెప్పుల పక్కనే, గోనెపట్టా మీద ఉండిపోయాయి.

ఆస్పత్రిలో డాక్టరు ఆ వేళ్లని ఒక్కొక్కటీ విప్పి తాళంచెవి బయటికి తీశాడు. ఆ సంగతి సార్ తరవాత ఏళ్లలో నవ్వుతూ చెప్పేవారు. "నాది మొండితనం కాదే. ఏళ్లు విరిగిపోయాక తెరుద్దామన్నా తెరుసుకోలేదు" అని. ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఇనస్పెక్టరు వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, మొహాలకి తువ్వాళ్లున్నాయన్నారు. గుమ్మం దగ్గర చెప్పులు ఎవరివంటే "నా పిల్లలవి" అన్నారు.

నీలవేణి ఇనస్పెక్టరు వెళ్లేదాకా ఆగి, మంచం పక్కకొచ్చి అరిచింది. "మీరు సూసినారు సార్. నానూ సూసినాను. పేర్లు సెప్పకపోతే ఆళ్లు రేపు మళ్లీ వత్తారు. మా అన్నయ్యని సంపేత్తారు. మీకు సెయ్యే పోయింది, మాకు మనిషి పోతాడు." అదే వార్డులో అవతలి మంచం మీద ఉన్న మా నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతా విన్నాడు. నేను ఆ ఇద్దరి మంచాల మధ్య, నోట్లో గుడ్డ కుక్కుకుని నిలబడ్డాను.

సార్ అన్నారు: "పేర్లు నాను సెప్తే ఆళ్లు జైలుకెల్తారు, ఈళ్లు కోర్టుకి సాచ్చికానికెల్తారు, దారిలో ఇంకో రెండు సేతులు తెగుతాయి. నాను సెప్పను. ఆళ్ల పేర్లు ఆళ్లే కొడతారు." నీలవేణికి ఆ మాట అర్థం కాలేదు. నాకూ కాలేదు. నిజం చెప్పాలంటే, అది తప్పుడు నిర్ణయమని నీలవేణి ఇప్పటికీ అంటుంది. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

కట్టుతో కాలేజీకి వచ్చిన మొదటిరోజునే సార్ ఆ చెప్పులన్నీ దుమ్ము దులిపి అరలో వరసగా పెట్టించారు. "ఎవరివి ఆళ్లొచ్చి తీసుకోవాలి. ఉత్తసేతులతో రావాలి" అని నాతోనే మా ఊరికి కబురంపారు. మొదట వచ్చినవాడు మా పక్కింటి బావ. అత్తారు పెట్టిన చెప్పులు, ఏవని భార్య నిలదీస్తే తట్టుకోలేక వచ్చాడు. సార్ అతన్ని మిగిలిన మిషన్లలో ఒకదాని ముందు కూర్చోబెట్టారు.

"కూకో. నీ పేరు కొట్టు."

అది మా అందరికీ మొదటి క్లాసులో చేయించిన పనే. తెలుగు అక్షరాలు ఆ మిషన్లలో లేవు, ఇంగ్లీషులోనే వెతుక్కోవాలి. బావ కత్తి తిప్పిన వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఏసీలో చెమటలు కక్కాడు. చివరికి పేరు తెర మీద నిలబడింది. నోరు తెరుచుకుని చూశాడు. "నాదేనా సార్?" అన్నాడు. "నీదే. ఆ రోజు ఇక్కడికి వచ్చినవాడి పేరు అది. నువ్వు సూసినావు, నాను సూసినాను" అన్నారు సార్. ఎడంచేత్తో మీట నొక్కి ఆ పేరు చెరిపేశారు. "ఇంక సెప్పులు తీసుకెల్లు." బావ చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని గేటుదాకా వెళ్లడం నేను వరండాలోంచి చూశాను.

అలా ఒక్కొక్కరే వచ్చారు. తిట్టుకుంటూ వచ్చినవాడు ఉన్నాడు, తాగి వచ్చి సార్ వెనక్కి పంపితే మళ్లీ స్నానం చేసి వచ్చినవాడూ ఉన్నాడు. తగువులు దాంతో ఆగిపోయాయని రాస్తే అబద్ధం. ఆ వేసవిలోనే మా గడ్డివాము తగలబెట్టారు. మావాళ్లు వాళ్ల బోరు పైపులు కోసేశారు. కానీ జోగారావు మీదకి మళ్లీ ఎవరూ వెళ్లలేదు. పేరు కొట్టి వచ్చినవాళ్లు వెళ్లలేదు, వాళ్లు లేకుండా వెళ్లే మొనగాళ్లు మా ఊళ్లో లేరు. తరవాత కొన్నేళ్లకి పెద్దలు కూర్చుని తోట పంచుకున్నారు.

అరలో చివరికి ఒక్క జత మిగిలింది. ఎర్రదారం జత.

అన్నయ్యకి నేను చెప్పాను, మా అమ్మ చెప్పింది, ఎత్తలేని చెయ్యి ఒళ్లో పెట్టుకుని నాన్న చెప్పాడు. "ఆ సెప్పులు నాయి కావు" అనేవాడు. ఆ రోజు నుంచి అన్నయ్య కాళ్లకి చెప్పులు వేసుకోలేదు. ఒట్టు పెట్టుకున్నానని ఎవరితోనూ అనలేదు. ఇసుక నేలలో చెప్పులెందుకనేవాడు. అమ్మ పండగకి కొత్త జత కొంటే ఎవరికో ఇచ్చేశాడు. ఎండాకాలం జీడితోటలో ఉత్తకాళ్లతోనే తిరిగేవాడు, కాళ్లు పగుళ్లు బారి రక్తాలు కారేవి. ఒకసారి పనసకాయ కోస్తూ, కత్తి ఆపి, నావైపు చూడకుండానే అన్నాడు: "ఆయన నన్నేటన్నా అంటే ఎల్దును. ఏటీ అనరు. ఆ సెయ్యి సూడ్లేనే." వాడి మీద నాకు జాలి వేసింది, ఊడిన పన్ను చోట నాలుక తగిలితే కోపమూ వచ్చింది.

సార్ ఎడంచేత్తో టైపు చెయ్యడం మా కళ్లముందే నేర్చుకున్నారు. మాతో పాటు కూర్చుని, మాలాగే తప్పులు కొడుతూ, తనని తానే తిట్టుకునేవారు. నీలవేణి పగలగొట్టిన కీబోర్డుని మీటలన్నీ ఏరి తిరిగి అతికించారు. ఒక్క మీట దొరకలేదు. దాని చోట అగ్గిపెట్టె అట్టముక్క అంటించి పెన్నుతో అక్షరం రాసుకున్నారు. కాలేజీవాళ్లు పాత మిషన్లు తీసేస్తుంటే ఆ కీబోర్డునీ, ఒక మిషన్‌నీ, ఆ ఎర్రదారం జతనీ ఇంటికి తీసుకెళ్లారు. నేను పలాసలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరానని చెప్పడానికి వెళ్లినప్పుడు, వరండాలో కూర్చుని ఆ చెప్పులకి కొబ్బరినూనె రాస్తున్నారు. "వానలకి బూజు పడతన్నాదే" అన్నారు, అదేదో ఇంటి పనైనట్టు.

జబ్బు చేశాక, రక్తం శుభ్రం చేసే మిషన్ సూదుల కోసం ఏ చేతికి ఆపరేషన్ చెయ్యమంటారని డాక్టర్లు అడిగారట. "పనికిరానిది ఒకటుంది కదండీ, దానికి సెయ్యండి" అని కుడిచెయ్యి చాపారట. ఆ చేతిలో ఎముకలు అతుక్కున్న తీరు చూసి ఇదేమిటని వాళ్లు అడిగితే, పడ్డానని చెప్పారట. వాళ్లావిడ ఇది చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

మంగళవారం మధ్యాహ్నానికి టెక్కలి చేరాను. ఇంటి ముందు చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. ఎన్ని బ్యాచుల పిల్లలో, అందరూ అలవాటుగా వరసలో విప్పారు. నీలవేణి నా చెయ్యి పట్టుకుంది. జోగారావు వచ్చాడు, ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం, జుట్టు నెరిసింది. శవపెట్టె మోసేవాళ్లలో ముందు తనే ఉంటానన్నాడు.

ప్రార్థన మొదలవబోతుండగా అన్నయ్య వచ్చాడు. నేను పిలవలేదు. గేటు దగ్గర ఆగి, విప్పడానికి కాళ్లకి ఏమీ లేక, ఊరికే కాసేపు నిలబడ్డాడు. జనం పక్కకి జరిగారు. తెలిసినవాళ్లందరికీ తెలుసు. తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్లి, తెల్లదుప్పటి మీద పెట్టిన ఆ వంకర కుడిచెయ్యిని చూశాడు. ముట్టుకోలేదు. సార్ భార్య లేచి లోపలికెళ్లి, నూనె రాసి నల్లగా మెరుస్తున్న ఆ జత తెచ్చింది.

"నీయే కదా బాబూ?"

"నాయే అమ్మా" అన్నాడు అన్నయ్య. ఇన్నేళ్లలో ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు.

"ఆయనుంటే ముందు పేరు కొట్టమనేవోరు" అందామె.

ఆమె ఊరికే అన్నదో, నిజంగానే అడిగిందో నాకు తెలీదు. అన్నయ్య చుట్టూ చూశాడు. గది మూల గుడ్డ కప్పిన పాత మిషన్ కనిపించింది. నేను గుడ్డ తీసి కరెంటు పెట్టాను. అది లేవడానికి చాలాసేపు పట్టింది. పాస్టరుగారు పుస్తకం మూసి ఆగారు. అన్నయ్య కుర్చీలో కూర్చుని, తన తల మీదే పగిలిన ఆ కీబోర్డు మీద ఒంటివేలితో వెతుక్కున్నాడు. నేను చూపించలేదు. నీలవేణి పక్కన నిలబడి మౌస్ మీద చెయ్యి వేసి, పేరు పడాల్సిన చోటు నొక్కింది. అప్పన్న. ఒక్కొక్క అక్షరమే తెర మీదకి వచ్చింది. చివరికి వేలు తీసి, అలాగే చూస్తూ కూర్చున్నాడు. భుజాలు కదిలిపోయాయి. చెరపడానికి సార్ లేరు. నేను మీట మీద వేలు పెట్టబోతే ఆమె వద్దంది. "ఒగ్గేయమ్మా. ఉండనీ."

ఆమె చెప్పులు వాడి కాళ్ల దగ్గర పెట్టింది. అన్నయ్య వేసుకోబోయాడు. పట్టలేదు. ఇన్నేళ్లు ఉత్తకాళ్లతో తిరిగి ఆ పాదాలు వెడల్పయిపోయాయి, బొటనవేలు ఎర్రదారం పట్టీలో సగమైనా దూరలేదు. తీసి గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు.

పెట్టె లేపుతున్నారు. ముందువైపు పట్టుకున్న జోగారావు ఆగి, అన్నయ్యవైపు తిరిగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు అంత దగ్గరగా చూసుకోవడం ఆ బాటరీల గది ఊచల తరవాత అదే. జోగారావు చెయ్యి చాపాడు. అన్నయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయి ఇలాగియ్యి మావా" అన్నాడు జోగారావు. "నువ్వు బుజం పట్టు."

అన్నయ్య చెప్పులు అతని చేతిలో పెట్టి, పెట్టె కింద భుజం ఆనించాడు. వెనక నేనూ నీలవేణీ నడిచాం. సమాధుల తోట దాకా రోడ్డంతా ఇసుక. ముందు మా అన్నయ్య ఉత్తకాళ్లతో సార్‌ని మోస్తున్నాడు. పక్కనే జోగారావు, ఆ ఎర్రదారం చెప్పుల మీద ఇసుక పడకుండా చొక్కా అంచులో చుట్టుకుని నడుస్తున్నాడు.